అమెరికా అకౌంటింగ్ పని వైజాగ్‌లో చిన్న ఆఫీసుకు గిట్టుబాటు అవుతుందా?

దొండపర్తి_ఖాతాలు
దొండపర్తిలో నాకో చిన్న అకౌంట్స్ ఆఫీసు ఉంది. సీఏని కాదు. ఎం.కామ్ చదివి, ఒక ఆడిటర్ గారి దగ్గర పని నేర్చుకుని బయటికొచ్చాను. షాపుల పుస్తకాలు, జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు, ఇదే పని. నాతో కలిపి ఆరుగురం, అందులో ముగ్గురు అమ్మాయిలు. పనికి లోటు లేదు, డబ్బుకే లోటు. ఏడాదంతా చేయించుకుని ఫీజు అడిగితే "దసరా వెళ్లనీండి, చూద్దాం" అనే పార్టీలే సగం. అందుకే బయటి దేశాల పని కోసం తిరుగుతుంటే రెండు ఆఫర్లు తగిలాయి.

ఒకటి, హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ. అమెరికా అకౌంటింగ్ ప్రాసెస్ ఇప్పిస్తారట. కనీసం పది సీట్లు ఉండాలి, గంటకు 9 డాలర్లు, మూడేళ్ల అగ్రిమెంట్. ముందు మూడు లక్షలు డిపాజిట్ కట్టాలి, ఏడాదికి వెనక్కి ఇస్తారు. పైన కాల్ సెంటర్ లైసెన్స్‌కి నలభై వేలు. క్లయింట్ ఎవరో సంతకాలయ్యాకే చెప్తారు.

రెండోది, మా తోడల్లుడి ఫ్రెండ్ ద్వారా. అతను అమెరికాలో, డాలస్‌లో ఒక సీపీఏ (మన సీఏ లాంటి వాళ్లు) ఆఫీసులో చేస్తున్నాడు. వాళ్ల ఓనర్‌కి జనవరి నుంచి ఇద్దరు మనుషులు కావాలి. గంటకు 8 డాలర్లు. మొదట బుక్‌కీపింగ్, కుదిరితే టాక్స్ రిటర్న్‌ల తయారీ కూడా.

నాకు మొదటిదే పెద్దదిగా కనిపిస్తోంది. పది సీట్లంటే మధురవాడలో ఒక ఫ్లోర్ తీసుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం వద్దంటే వద్దంటోంది. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు చెప్పండి.

గాజువాక_గరం
పని చేసేవాడు ఎదురు డబ్బు కట్టడం ఏటండీ?

మాడుగుల_హల్వా
ఇంట్లో ఆవిడ మాట వినండి. మోడరేటర్ గారు చర్చకు తాళం వేసేయొచ్చు.

గాజువాక_గరం
@మాడుగుల_హల్వా నవ్వులాట కాదు బాబూ. మా బావమరిదికి ఇలాంటిదే జరిగింది. ఫారాలు నింపే ప్రాజెక్ట్, అమెరికా ఆసుపత్రులది అన్నారు. డిపాజిట్ కట్టించుకుని స్కాన్ చేసిన కాగితాలు పంపారు. సగం అక్షరాలు కనపడవు. నూటికి 95 ఫారాలు తప్పుల్లేకుండా ఉంటేనే డబ్బులని అగ్రిమెంట్‌లో ఎక్కడో రాసి పెట్టారు. నెలాఖరుకి "మీ అక్యూరసీ చాలలేదు" అని మెయిల్. ఆ వెనకే లాయర్ నోటీసు. నువ్వు ఒప్పందం తప్పావు, నష్టపరిహారం కట్టు, లేదంటే కోర్టుకి రా అని. కుర్రాడు భయపడి ఇంకొంత కట్టాడు. ఇంట్లో చెప్పింది ఆ తర్వాతే. అమెరికా ఆసుపత్రీ లేదు, ఏమీ లేదు.

ఉప్పుగాలి
ఆ నోటీసుల బాపతు దేశమంతా ఉంది. నోటీసుకి భయపడి డబ్బు కట్టకూడదు. కట్టేస్తే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

తూర్పుకనుమ
అందరినీ ఒకే గాటన కట్టొద్దు. నేను అసీల్‌మెట్టలో చాలాకాలం సబ్‌కాంట్రాక్ట్ మీదే ఆఫీసు నడిపాను. అమెరికా కంపెనీ పెద్ద వెండర్‌కి ఇస్తుంది, వాడు బెంగళూరులో ఇంకొకడికి, వాడు మనకి. మధ్యలో ఒక్కొక్కడు కొంత కోసుకుంటాడు. అది మోసం కాదు, వ్యాపారం. క్లయింట్ పేరు దాచడం కూడా మామూలే, మనం నేరుగా వెళ్లిపోతామని వాళ్ల భయం. రహస్యం కాపాడతామని కాగితం మీద సంతకం చేయించుకుని అప్పుడు చెప్తారు.

కానీ @దొండపర్తి_ఖాతాలు, మీరు చెప్పినదాంట్లో నాకు అడ్డు తగిలింది లైసెన్స్ నలభై వేలు. ఏ లైసెన్స్? ఒకప్పుడు కాల్ సెంటర్‌కి, బీపీఓకి టెలికాం శాఖలో ఓఎస్‌పీ రిజిస్ట్రేషన్ ఉండేది. బ్యాంక్ గ్యారంటీలు, తనిఖీలు, నానా తిప్పలు. 2020 నవంబర్‌లో ఆ రిజిస్ట్రేషనే తీసేశారు. పైగా మీది అకౌంటింగ్, ఫోన్ పని కూడా కాదు. లేని లైసెన్స్‌కి డబ్బు అడుగుతున్నాడంటే మిగతా మాటలు ఎంతవరకు నిజమో మీరే లెక్కేసుకోండి.

దొండపర్తి_ఖాతాలు
ఆ రిజిస్ట్రేషన్ సంగతి నాకు తెలియదు. రేపు ఫోన్ చేసి ఏ శాఖ లైసెన్సో, ఫారం నంబరు ఏమిటో అడుగుతాను.

రాత్రిపాళి
మొన్న అచ్యుతాపురం వార్త చూశారు కదా. అపార్ట్‌మెంట్లలో కూర్చుని అమెరికా వాళ్లకి ఫోన్లు చేసి మోసం చేస్తున్న నకిలీ కాల్ సెంటర్‌ని 2025 మేలో అనకాపల్లి పోలీసులు పట్టుకున్నారు. అందులో చేరిన పిల్లల్లో ఎంతమందికి అది మోసమని ముందే తెలుసో దేవుడికే ఎరుక. మీరు పది సీట్లు పెట్టి, క్లయింట్ ఎవరో తెలియకుండా పని మొదలుపెడితే రేపు పోలీసులు వచ్చేది మీ ఆఫీసుకే, హైదరాబాద్ వాడి దగ్గరికి కాదు.

గాజువాక_గరం
కంబోడియా సంగతి కూడా గుర్తుంచుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని మన కుర్రాళ్లని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాని 2024లో వైజాగ్ పోలీసులే బయటపెట్టారు.

న్యూజెర్సీ_వైజాగోడు
నేను ఎంవీపీ కాలనీ వాడినే. ఇప్పుడు ఇక్కడ ఒక చిన్న సీపీఏ ఆఫీసులో, ఇండియాకి పని పంపే వైపు ఉన్నాను. అందుకని ఈ గట్టు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

ముందు, పని నిజంగానే ఉంది. ఇక్కడ అకౌంటింగ్ చదివే పిల్లలు తగ్గారు, ఉన్నవాళ్లు పెద్ద సంస్థలకి వెళ్తారు. చిన్న ఆఫీసులకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. జనవరి 31కి కాంట్రాక్టర్లకి ఎంత చెల్లించారో చెప్పే 1099 ఫారాలు, మార్చి 15కి పార్ట్‌నర్‌షిప్‌ల, ఎస్ కార్పొరేషన్లనే ఒకరకం కంపెనీల రిటర్న్‌లు, ఏప్రిల్ 15కి వ్యక్తులవి. ఆ నాలుగు నెలల కోసం ఏడాది జీతం ఇచ్చి మనిషిని పెట్టుకోలేరు. అందుకే మీలాంటి వాళ్లు కావాలి.

ఓనర్ భయం ఒక్కటే, డేటా. ఇక్కడ టాక్స్ రిటర్న్ తయారుచేసేవాడు కస్టమర్ వివరాలు దేశం బయట ఉన్న మనిషికి చూపించాలంటే ముందుగా ఆ కస్టమర్ దగ్గర రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఇక్కడి పన్ను చట్టంలో సెక్షన్ 7216. తప్పితే క్రిమినల్ సెక్షన్. సోషల్ సెక్యూరిటీ నంబర్లు మామూలుగా కనపడకుండా కొట్టేసి పంపుతారు. డాలస్ ఓనర్‌తో మాట్లాడినప్పుడు మీరే ముందుగా "మీ కస్టమర్ల దగ్గర 7216 అంగీకారాలు తీసుకున్నారా" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో ఆయనకి మీ మీద గురి కుదురుతుంది. "అదేంటి" అన్నాడంటే టాక్స్ పని ఒప్పుకోకండి, పుస్తకాలు రాయడం వరకే చేయండి.

ఇంకోటి. ఫైళ్లు మీ కంప్యూటర్లోకి దింపుకోవద్దు. వాళ్ల సర్వర్లోకి రిమోట్‌గా వెళ్లి అక్కడే పని చేయండి. క్విక్‌బుక్స్ (ఇక్కడి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్) లాగిన్ ప్రతి మనిషికీ వేరుగా ఇవ్వమనండి. పాస్‌వర్డ్‌లు వాట్సాప్‌లో పంపే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి. నేను చూసిన తగువుల్లో సగం అక్కడే మొదలయ్యాయి.

కోడ్‌కుక్కర్
ఇదంతా బాగానే ఉంది కానీ బుక్‌కీపింగ్ ఎన్నాళ్లుంటుంది? బ్యాంక్ ఎంట్రీలు సాఫ్ట్‌వేరే లాక్కుని, ఏది అద్దె, ఏది కరెంటు బిల్లు అని అదే సర్దేస్తోంది. ఇప్పుడు మనుషుల్ని పెట్టి నేర్పించడం దండగ. రెండేళ్లలో ఖాళీ.

లెడ్జర్_లక్ష్మి
@కోడ్‌కుక్కర్ సర్దేస్తోంది, తప్పుగా కూడా సర్దేస్తోంది. ఓనర్ కారు లోన్ కిస్తీ మొత్తాన్ని ఖర్చులో వేస్తుంది. అసలెంత, వడ్డీ ఎంత అని విడదీయదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మార్చిన డబ్బుని అమ్మకం అనుకుంటుంది. ఆ తప్పులు పట్టేవాడికి పని ఉంటుంది. ఎంట్రీలు కొట్టడం ఒక్కటే వచ్చినవాడికి మాత్రం కష్టమే, అది ఒప్పుకుంటాను.

కోడ్‌కుక్కర్
మరి అదే కదా నేను చెప్పింది.

లెడ్జర్_లక్ష్మి
మీరు ఖాళీ అన్నారు. నేను పని మారుతుంది అంటున్నాను. ఆయన దగ్గరున్న పిల్లలు రోజూ చేసేది బ్యాంక్ స్టేట్‌మెంట్‌కీ పుస్తకానికీ తేడా పట్టడమే. పనికొచ్చేది ఆ నేర్పే.

దొండపర్తి_ఖాతాలు
డాలస్ లెక్క వేసి చూశాను. ఇద్దరు మనుషులు, నెలకు ఒక్కొక్కరు 160 గంటలు, గంటకు 8 డాలర్లు. 2,560 డాలర్లు. డాలర్ 90 రూపాయలు వేసుకుంటే 2,30,400. ఇద్దరికీ కలిపి జీతాలు యాభై వేలు. ఇంత మిగులుతుందంటే నమ్మబుద్ధి కావడం లేదు.

తూర్పుకనుమ
నమ్మకండి. 160 గంటలు మీరు జీతం ఇచ్చే గంటలు. వాళ్లు డబ్బిచ్చేవి ఫైల్ మీద పెట్టిన గంటలు. మీ అమ్మాయి కూర్చున్నా ఆ రోజు ఫైల్ రాకపోతే సున్నా. మొదట్లో నేర్చుకునే కాలానికి ఎవరూ ఇవ్వరు. మీరు కూర్చుని సరిచూసే టైమ్ బిల్లులో పడదు. తప్పొస్తే మళ్లీ చేసే గంటలూ మీవే. సీజన్‌లో నిండుగా ఉంటుంది, మే తర్వాత మూడో వంతు కూడా రాకపోవచ్చు. ఏడాది మొత్తం మీద సగం గంటలు బిల్లవుతాయని వేసుకుని, అప్పుడు కూడా గిట్టితేనే దిగండి.

నెలకి కనీసం ఇన్ని గంటలకు డబ్బు ఇస్తాం అని అగ్రిమెంట్‌లో రాయించుకోగలిగితే రేటు 7 అయినా నేను ఒప్పుకుంటాను. 9 డాలర్లని ఊరించి గంటలు ఇవ్వనివాడి కంటే అది నయం.

న్యూజెర్సీ_వైజాగోడు
@తూర్పుకనుమ 7కి ఒప్పుకోమని మాత్రం చెప్పకండి. ఇక్కడ ఓనర్ తన కస్టమర్‌కి ఎంత బిల్లు వేస్తాడో నేను రోజూ చూస్తున్నాను. చవగ్గా మొదలుపెడితే తర్వాత పెంచరు. కనీస గంటలు అడగండి, రేటు తగ్గించొద్దు.

తూర్పుకనుమ
మీరు డాలర్ల గట్టున కూర్చుని చెప్తున్నారు సార్. ఇక్కడ మొదటి క్లయింట్ దొరకడమే గగనం. మనం 8 అంటే మనీలాలో ఇంకొకడు 7 అంటాడు.

న్యూజెర్సీ_వైజాగోడు
ఫోన్ మాట్లాడే పనికి ఫిలిప్పీన్స్ వైపు వెళ్తారు, నిజమే. అకౌంటింగ్‌కి ఇండియా పేరు ఇంకా గట్టిగానే ఉంది. సరే, దీని మీద మనకి కుదరదు.

రాత్రిపాళి
నైట్ షిఫ్ట్ గురించి ఎవరూ అడగలేదేం? ముగ్గురు అమ్మాయిలు అన్నట్టుంది.

నేను రుషికొండ వైపు మెడికల్ బిల్లింగ్‌లో ఏఆర్ కాలర్‌గా చేస్తున్నాను. అమెరికా ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి, డాక్టర్ పంపిన క్లెయిమ్ ఎందుకు ఆపారు అని అడగడం మా పని. ఆ ఫోన్లో అరగంట సంగీతం వినిపిస్తారు, చివరికి మనిషి వచ్చి "ఏదో వివరం తక్కువైంది, మళ్లీ పంపండి" అని పెట్టేస్తుంది. వాళ్లు ఆఫీసులో ఉన్నప్పుడే చేయాలి కాబట్టి మాకు రాత్రి తప్పదు. మార్చిలో వాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుతారు, నవంబర్‌లో వెనక్కి. దాంతో మా క్యాబ్ టైమ్, ఇంట్లో భోజనాల టైమ్ అన్నీ మారతాయి. మా అత్తగారికి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు, గడియారం తిప్పడం ఏమిటి, నువ్వే ఏదో చెప్తున్నావ్ అంటుంది.

జీతం ఒకటో తారీఖున పడుతుంది, అది మాత్రం చెప్పుకోవాలి. మెడికల్ కోడింగ్ పరీక్ష పాసయ్యాక పెరిగింది కూడా.

మాడుగుల_హల్వా
అత్తగారిని మన ఫోరంలో చేర్పించండి, మోడరేటర్‌గా పనికొస్తుంది.

న్యూజెర్సీ_వైజాగోడు
@రాత్రిపాళి మంచి మాట ఎత్తారు. అకౌంటింగ్‌కి రాత్రంతా అక్కర్లేదు. చలికాలంలో డాలస్‌లో ఉదయం 9 అంటే మనకు రాత్రి 8:30. ఎండాకాలంలో 7:30. పగలు మీ టైమ్‌లో పని చేసి, రాత్రి ఒక గంట మీరొక్కరే కాల్‌లో ఉంటే చాలు. మీరు సాయంత్రానికి ముగించిన ఫైల్ ఆయనకి పొద్దున్న వచ్చేసరికి టేబుల్ మీద ఉంటుంది, ఆయన కోరుకునేదీ అదే.

కొమ్మాది_కుర్రోడు
పెద్ద కంపెనీలకి ఎకరం 99 పైసలకి ఇచ్చారు కదా, టీసీఎస్‌కి రుషికొండలో, కాగ్నిజెంట్‌కి కాపులుప్పాడలో. దొండపర్తి గారు కూడా ఒక అప్లికేషన్ పడేయండి.

దొండపర్తి_ఖాతాలు
నాకు ఎకరం వద్దు నాయనా, మా బిల్డింగ్‌లో పార్కింగ్ ఇప్పిస్తే చాలు.

ఉప్పుగాలి
గూగుల్ ఇక్కడ డేటా సెంటర్‌కి 15 బిలియన్ డాలర్లు అంటోంది ఐదేళ్లలో. సముద్రం కింద కేబుళ్లు నేరుగా వైజాగ్‌కే వస్తాయట. ఇక మన ఊరికి తిరుగులేదు.

కోడ్‌కుక్కర్
డేటా సెంటర్లో కుర్చీలు తక్కువ, సర్వర్లు ఎక్కువ. బీకాం పిల్లలకి అందులో ఏముంది?

ఉప్పుగాలి
దాని చుట్టూ ఇంకో పది వస్తాయి. హైదరాబాద్ కూడా అలాగే మొదలైంది.

కోడ్‌కుక్కర్
ఎప్పుడూ ఇదే మాట. రుషికొండ కొండల మీద ఐటీ అని నేను ఇంజినీరింగ్‌లో ఉన్నప్పటి నుంచీ వింటున్నాను.

మోడరేటర్
భూముల మీద, గూగుల్ మీద వేరే చర్చ నడుస్తోంది. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ దొండపర్తి గారి ప్రశ్న.

లెడ్జర్_లక్ష్మి
పన్నుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. నేను సీఏనే.

సర్వీసు బయటి దేశానికి ఇచ్చి, డబ్బు విదేశీ కరెన్సీలో వస్తే అది ఎగుమతి. జీఎస్టీ సున్నా రేటు. కానీ దానంతటదే సున్నా అయిపోదు. ముందుగా పోర్టల్‌లో ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ, అంటే పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం, వేయాలి. అది వేయకుండా ఇన్‌వాయిస్ కొడితే 18 శాతం ముందు కట్టి, తర్వాత రీఫండ్ కోసం తిరగాలి. ఇన్‌వాయిస్ ఇచ్చిన ఏడాదిలోపు డబ్బు రావాలి, రాకపోతే వడ్డీతో సహా పన్ను కట్టమంటారు. ఎగుమతి టర్నోవర్ కూడా మీ మొత్తం టర్నోవర్‌లో కలుస్తుందని మర్చిపోకండి.

ఇక్కడే మీ రెండు ఆఫర్లకీ తేడా వస్తుంది. హైదరాబాద్ కన్సల్టెన్సీ మీకు రూపాయల్లో ఇస్తే అది ఎగుమతే కాదు. మీ కస్టమర్ హైదరాబాద్ వాడు. పని అమెరికా ఫైల్ మీద చేసినా సరే 18 శాతం వేసి బిల్లు ఇవ్వాలి. వాడు "యూఎస్ ప్రాసెస్ కదా, జీఎస్టీ ఉండదు" అని చెప్పి ఉంటే అది మీ మెడకే చుట్టుకుంటుంది.

డాలస్ వాళ్లు మిమ్మల్ని, మీరు అమెరికా వాళ్లు కాదని చెప్పే ఒక ఫారం అడుగుతారు. సొంత పేరు మీద నడిపే ఆఫీసు అయితే డబ్ల్యూ-8బెన్, కంపెనీ అయితే డబ్ల్యూ-8బెన్-ఈ. పని మొత్తం ఇండియాలోనే చేస్తున్నారు కాబట్టి అక్కడ పన్ను కోయాల్సిన పని లేదు. బ్యాంకులో డబ్బు పడినప్పుడు ఏ పని మీద వచ్చిందో అడుగుతారు. అకౌంటింగ్, బుక్‌కీపింగ్‌కి కోడ్ పీ1005. తప్పు కోడ్ వేస్తే తర్వాత కాగితాలు సరిచేయించుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరగాలి. ప్రతి జమకీ విదేశీ జమ పత్రం తీసి ఫైల్ చేసుకోండి.

దొండపర్తి_ఖాతాలు
@లెడ్జర్_లక్ష్మి మేడమ్, అచ్చం ఆ మాటే అన్నాడు. "యూఎస్ ప్రాసెస్, నో జీఎస్టీ" అని బ్రోచర్‌లోనే ఉంది. రోజూ జీఎస్టీ రిటర్న్‌లు వేసే నాకే చెప్పాడు చూడండి!

గాజువాక_గరం
మీకే చెప్పాడంటే వాడి ధైర్యానికి దండం పెట్టాలి.

లెడ్జర్_లక్ష్మి
ఇంకొకటి, డబ్బు కంటే ఇదే పెద్ద చిక్కు. క్యాలెండర్. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడ సీజన్. మన వైపు ఆ నెలల్లో పని కాస్త పలచన కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది, మార్చి చివరి రెండు వారాలు తప్ప. అసలు ముడి సెప్టెంబర్‌లో పడుతుంది. అక్కడ గడువు పొడిగించుకున్న పార్ట్‌నర్‌షిప్ రిటర్న్‌లు సెప్టెంబర్ 15కి, వ్యక్తులవి అక్టోబర్ 15కి. ఇక్కడ టాక్స్ ఆడిట్ గడువు మామూలుగా సెప్టెంబర్ 30. ప్రతి నెలా 11న, 20న జీఎస్టీ ఉండనే ఉంది. ఆరుగురు మనుషులు. ఆ నెలలో ఎవరి పని వదిలేస్తారు? డాలర్లిచ్చే వాడిది వదలరు. మీ పూర్ణా మార్కెట్ పార్టీలకి లేట్ ఫీజు పడుతుంది. ఇద్దర్ని వేరుగా పెట్టి వాళ్లకి లోకల్ పని అంటకుండా చూడగలిగితేనే మొదలుపెట్టండి.

బీచ్‌రోడ్_బాబాయ్
లక్ష్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు తుఫాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. అప్పుడు నేనో బీపీఓలో టీమ్ లీడర్ని. అద్దాలు పోయాయి, కరెంటు లేదు, సెల్ టవర్లు పడిపోయాయి. క్లయింట్‌కి బతికే ఉన్నామని చెప్పడానికి కూడా దారి లేదు. అక్కడ మేనేజర్ మంచివాడే, పాపం అడిగాడు కూడా ఎలా ఉన్నారని. కానీ వాళ్ల కస్టమర్ల పని ఆగదు కదా. లాప్‌టాప్‌లు ఇచ్చి కొంతమందిని హైదరాబాద్ బస్సెక్కించాం. తిరిగొచ్చేసరికి కొంత పని వేరే దేశానికి వెళ్లిపోయింది, అది మళ్లీ రాలేదు.

అక్టోబర్ అంటే మనకు తుఫాన్ల కాలం. లక్ష్మమ్మ చెప్పిన అక్టోబర్ 15 గడువు కూడా అప్పుడే. రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ పెట్టుకోండి, ఒకటి తెగితే ఒకటి. ఇన్వర్టర్ బ్యాటరీలు ఏడాదికోసారి చూపించండి. తీరానికి దూరంగా ఎవరైనా చుట్టాలుంటే, అవసరం పడితే ఇద్దరు అక్కడ కూర్చుని పని చేసేలా ముందే మాట్లాడి పెట్టుకోండి. మేం ఆ తర్వాత అలాగే చేశాం.

మాడుగుల_హల్వా
మాడుగుల రండి, నెట్ ఉంది, హల్వా ఉంది.

కొమ్మాది_కుర్రోడు
ట్రంప్ వాళ్లు బయటికి పని పంపితే 25 శాతం పన్ను వేస్తారట కదా? అప్పుడు ఇదంతా ఎందుకు?

న్యూజెర్సీ_వైజాగోడు
అది హైర్ యాక్ట్ అని 2025 సెప్టెంబర్‌లో ఒహాయో సెనేటర్ బెర్నీ మొరెనో పెట్టిన బిల్లు. బయటి దేశాల వాళ్లకి పని కోసం కట్టే డబ్బు మీద 25 శాతం పన్ను వేయాలని. బిల్లు పెట్టడం వేరు, చట్టం కావడం వేరు. మా ఓనర్ కూడా చదివి పక్కన పెట్టాడు. అయితే అగ్రిమెంట్‌లో ఒక ముక్క రాసుకోవడం మంచిది, అక్కడ కొత్త పన్ను ఏదైనా వస్తే అది ఎవరు భరించాలని. రాయకపోతే మీ రేట్‌లోంచి కోస్తారు.

తూర్పుకనుమ
అగ్రిమెంట్ మాట వచ్చింది కాబట్టి. తప్పు జరిగితే మీ బాధ్యత ఎంతవరకు అన్నది సంతకానికి ముందు చూడండి. కొన్నిట్లో "జరిగిన నష్టమంతా వెండర్ భరించాలి" అని ఉంటుంది. అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ వాళ్లు వేసిన జరిమానా మొత్తం దొండపర్తి ఆఫీసు నెత్తిన పడుతుంది. రెండు మూడు నెలల ఫీజుకి మించకుండా పరిమితి రాయించండి. చివరి సంతకం అక్కడి సీపీఏదే అని స్పష్టంగా ఉండాలి. డబ్బు పదిహేను రోజులకోసారి అడగండి, అరవై రోజుల క్రెడిట్ అంటే ఒప్పుకోవద్దు. అరవై రోజులు ఆగగలిగే ఓపిక ఉంటే లోకల్ పార్టీలే నయం, కనీసం స్కూటర్ మీద వెళ్లి అడగొచ్చు.

దొండపర్తి_ఖాతాలు
అందరికీ థాంక్స్. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి లైసెన్స్ ఏ శాఖదని అడిగాను. "మా లీగల్ టీమ్ చూసుకుంటుంది సార్" అన్నాడు. పోనీ డిపాజిట్ బదులు మొదటి నెల పని చేసి చూపిస్తాం, దానికి డబ్బివ్వండి అన్నాను. సీట్లు అయిపోతున్నాయి, శుక్రవారం లోపు చెప్పాలి అన్నాడు. వద్దని చెప్పేశాను.

డాలస్ ఓనర్‌తో నిన్న రాత్రి వీడియో కాల్ అయింది. 7216 గురించి అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, కొంతమంది కస్టమర్ల దగ్గర తీసుకున్నాను, అందరి దగ్గరా కాదు అన్నాడు. అందుకని ఈ సీజన్‌కి టాక్స్ పని వద్దు, బుక్‌కీపింగ్, 1099 ఫారాలకి కావాల్సిన వివరాలు సిద్ధం చేయడం వరకే అనుకున్నాం. ఇద్దరు కాదు, ముందు ఒక్కరే. నెలకు కనీసం 80 గంటలకు డబ్బు ఇస్తానన్నాడు, రేటు 8కే ఆగింది. రెండు వారాలకోసారి బిల్లు. బాధ్యత పరిమితి మీద మాత్రం ఆయన లాయర్‌ని అడిగి చెప్తానన్నాడు.

తూర్పుకనుమ
ఆ జవాబు వచ్చేదాకా మొదలుపెట్టకండి. కనీస గంటలు ఒప్పుకున్నాడంటే మనిషి పర్వాలేదు.

న్యూజెర్సీ_వైజాగోడు
కొందరి దగ్గరే తీసుకున్నానని దాచకుండా చెప్పాడు, అది నాకు నచ్చింది. 1099 విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఒక కాంట్రాక్టర్‌కి ఏడాదిలో ఎంత ఇస్తే ఆ ఫారం వేయాలి అన్నదానికి, 2025 చెల్లింపులకి 600 డాలర్ల హద్దే. 2026 నుంచి చేసే చెల్లింపులకి అది 2,000. 2026 జనవరిలో వేసేవి పాత హద్దు ప్రకారమే చూడాలి, పిల్లలు తికమక పడతారు.

కొమ్మాది_కుర్రోడు
సార్, ఆ ఒక్కరు ఎవరో ఖరారైపోయారా? నాది బీకాం కంప్యూటర్స్. టాలీ వచ్చు. క్విక్‌బుక్స్ ద్వారకా నగర్‌లో నేర్చుకుంటున్నాను.

దొండపర్తి_ఖాతాలు
@కొమ్మాది_కుర్రోడు మా ఆఫీసులో సీనియర్ అమ్మాయినే పెడుతున్నాను. ఆమె చేసే లోకల్ పనికి మనిషి కావాలి. సోమవారం మధ్యాహ్నం తర్వాత రండి, ఒక షాపు బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇస్తాను, తేడా పట్టి చూపించాలి.

రాత్రిపాళి
పగటి షిఫ్ట్ ఉద్యోగమా! కుర్రోడా, వదలకు.

లెడ్జర్_లక్ష్మి
@దొండపర్తి_ఖాతాలు మొదటి ఇన్‌వాయిస్ కంటే ముందే ఎల్‌యూటీ వేయండి. ఇప్పుడు వేసింది మార్చి 31 వరకే. ఏప్రిల్‌లో మళ్లీ వేయాలి, ఆ నెలలో వాళ్ల సీజన్ హడావిడిలో చాలామంది మర్చిపోయేది ఇదే.